ఉసిరి చెట్టు కింద సందర్శకులు

బకెట్‌లో నిలబెట్టిన ఉసిరి కొమ్మ కింద నేనొకసారి కార్తీక వనభోజనం చేశాను. ఆ రోజు అక్కడున్న వాళ్ళందరూ ఆ సంగతి మరిచిపోయారు. నేను మరిచిపోలేదు.

అప్పట్లో మేం ఢిల్లీలో, ఆర్.కె. పురంలో ఉండేవాళ్ళం. నేను ఒక కేంద్ర మంత్రిత్వ శాఖలో సెక్షన్ ఆఫీసర్‌ని. మా వారు కాలేజీలో లెక్కలు చెప్పేవారు. ఆ కాలనీలో ఎవరి హోదా ఏమిటో అడగక్కర్లేదు, క్వార్టర్ టైపు చెబుతుంది. బాల్కనీ ఎంత పొడుగుంటే మాట అంత పొట్టిగా వచ్చేది. వనభోజనానికి పార్కులో చాపలు పరిచినా అదే వరస. జాయింట్ సెక్రటరీల కుటుంబాలు నీడలో, మాలాంటివాళ్ళు కుళాయి పక్కన. ఆ పార్కులో ఉసిరి చెట్టు లేదు. ఎవరో ఎక్కణ్ణుంచో ఒక కొమ్మ విరిచి తెచ్చి, నీళ్ళు పోసిన ప్లాస్టిక్ బకెట్‌లో నిలబెట్టారు. దానికే పసుపు, కుంకుమ పెట్టి దణ్ణం పెట్టుకున్నారు.

"బకెట్ కింద భోంచేస్తే వనభోజనం అవుతుందా?" అన్నాను. మెల్లగానే అన్నాననుకున్నాను. వినపడింది.

మా తెలుగు సంఘం అధ్యక్షురాలు, ఒక జాయింట్ సెక్రటరీ గారి భార్య, పులిహోర గరిటె పట్టుకుని నా ముందే నిలబడి ఉంది. "మీకు చెట్టుంటే చెప్పండమ్మా, వచ్చే ఏడు అక్కడే పెట్టుకుందాం" అంది. అందరూ నవ్వారు. ఆ నవ్వులో నా విస్తట్లో పులిహోర వేయడం మరిచిపోయి పక్క విస్తరికి వెళ్ళిపోయింది. మరిచిపోయిందని మా వారు అంటారు.

రిటైరయ్యాక నా స్నేహితురాళ్ళందరూ ద్వారకలోనూ నోయిడాలోనూ ఫ్లాట్లు కొనుక్కున్నారు. నేను ద్వారకలో అద్దెకే ఉండిపోయి, గుర్గావ్ దాటాక అరావళీ గుట్టల వైపు వెళ్ళే దారిలో ఒక చిన్న పొలం ముక్క కొన్నాను. ఎందుకు కొన్నారని అడిగిన వాళ్ళకి ఆకుకూరల కోసం అని చెప్పాను. కొన్న వారంలోనే ఉత్తరం కంచెని ఆనుకుని ఉసిరి మొక్క నాటాను.

"ఇక్కడ నాటితే నీడ అవతలి పొలంలో పడుతుందోయ్. దక్షిణం వైపు నాటు" అన్నారు మా వారు. లెక్కల మేస్టారు కదా, ఎండని కూడా లెక్క వేస్తారు.

అప్పటికే గుంట తవ్వించేశాను. తవ్వించిన గుంట పూడ్పించడం నాకు అలవాటు లేదు.

ఆదివారాలు వెళ్ళి నీళ్ళు పోసేవాళ్ళం. మెంతికూర, గోంగూర పండించాం. ఢిల్లీ చలికి గోంగూర అలిగేది, బతిమాలి పెంచాం. అయితే నా చూపంతా ఆ మొక్క మీదే. అది ఎదగాలి. దాని కింద నేను చాపలు పరచాలి. నేను పిలవాలి, ఆ అధ్యక్షురాలు రావాలి, వచ్చి నేల మీద కూర్చోవాలి. నేను వడ్డించాలి. ఈ వయసులో నలుగురూ కాశీయాత్ర కోరుకుంటారు. నా కోరిక ఇంతే.

చెట్టు కంచెని దాటి ఎదిగే సమయానికి అవతలి పొలానికి ఒకాయన వచ్చాడు. గుర్గావ్‌లో పెద్ద కంపెనీ ఉద్యోగం వదిలేసి, మనశ్శాంతి కోసం వ్యవసాయంలోకి దిగినవాడు. మా ముక్కకి ఎన్నో రెట్లు పెద్దదైన ఆ భూమిలో ద్రాక్ష తీగలు పెట్టాడు. గేటు మీద వైనరీ అని బోర్డు పెట్టాడు. మొదటి పరిచయంలోనే కంచె దగ్గరికి వచ్చి, చేతులు జోడించి, "ఆంటీజీ, మీ ఆమ్లా చెట్టు నా తీగల మీద నీడ వేస్తోంది. పైన కాస్త కొట్టిస్తారా?" అన్నాడు.

"నీ తీగలు పక్కకి జరుపుకో" అన్నాను.

జరుపుకున్నాడు. కంచె పొడుగునా ఒక వరస తీగల్ని పీకేసి, ఆ పట్టీని గడ్డికి వదిలేశాడు. ఆ సంగతి గుర్తుంచుకోండి. నేనైతే అతను చెట్టు కొట్టించమన్న సంగతే గుర్తుంచుకున్నాను.

తర్వాత మనశ్శాంతి కోసం ఇంకా చాలామంది రావడం మొదలుపెట్టారు. శనాదివారాలు మా దారంతా కార్లే. గాజు గ్లాసుల్లో వైన్ పోసుకుని, వాసన చూసి, ఒక గుక్క తాగి, సూర్యాస్తమయాన్ని ఫోన్‌లో పట్టుకుని వెళ్ళిపోతారు. ఒక కారు మా గేటుకి అడ్డంగా పెట్టి, మేం లోపలున్నామని తెలిసే వెళ్ళారు. ఇంకో జంట మా పొలంలోకి వచ్చి, ఉసిరికాయ కోసి కొరికి, ఉమ్మేసి, "అంకుల్, యే గ్రేప్ ఖరాబ్ హై" అని మా వారికి కబురు చెప్పి వెళ్ళారు. మా వారు సారీ కూడా చెప్పారు. ఆ సారీ ఎందుకు చెప్పారో ఇప్పటికీ నాకు జవాబు రాలేదు.

ఇవన్నీ భరించాను. ఒక రోజు గోంగూర మడిలో మోకాళ్ళ మీద కూర్చుని కలుపు తీస్తున్నాను. నల్ల కళ్ళద్దాల అమ్మాయి ఒకతి కంచె మీంచి వంగి, "ఆంటీ, వాష్‌రూమ్ కిధర్ హై? ఆప్ స్టాఫ్ మే హైఁ నా?" అంది.

నా కింద ఒక సెక్షన్ మొత్తం పనిచేసేది. మంత్రిగారి సంతకానికి వెళ్ళే నోట్లు నా బల్ల మీంచి వెళ్ళేవి. అతని వైన్ కొట్టులో నేను స్టాఫునట.

ఆ సాయంత్రమే అతన్ని గేటు దగ్గర పట్టుకున్నాను. "ఇది వ్యవసాయ భూమి. వీళ్ళంతా ఎవరు?"

"సబ్ ఫ్రెండ్స్ హైఁ ఆంటీజీ. ఫ్యామిలీ అనుకోండి."

"వారం వారం ఇంత ఫ్యామిలీయా?"

"పంజాబీలం కదా ఆంటీజీ, మా ఫ్యామిలీలు పెద్దవి" అన్నాడు నవ్వుతూ. నవ్వుతూ అన్నదాన్ని నేను కాగితం మీద పెట్టడం మొదలుపెట్టాను.

అదృష్టం కొద్దీ ఆ శీతాకాలమే జిల్లా ప్లానింగ్ ఆఫీసు వాళ్ళు, వ్యవసాయ భూముల్లో వైనరీలకీ సందర్శకులకీ సంబంధించి మార్గదర్శకాల ముసాయిదా విడుదల చేసి, జనం సలహాలు అడిగారు. జనం అంటే ఎవరు? అలాంటి ముసాయిదాలు చదివేవాళ్ళు. అంటే నేను.

ఇక్కడ నా పని పద్ధతి కొంచెం చెప్పాలి. ఫిర్యాదులో ఒక మనిషి పేరు రాస్తే అది కక్ష. పేరు తీసేస్తే అది విధానం. కక్షతో వచ్చిన కాగితం కట్టలో అడుగుకి పోతుంది, విధానం మీద వచ్చిన కాగితానికి నంబరు పడుతుంది. ఉద్యోగం ఉన్నంతకాలం బల్లకి అవతలి వైపు కూర్చుని నేర్చుకున్న విద్య ఇది. అందుకని పక్కవాడి పేరు గానీ, అతని గేటు రంగు గానీ ఎక్కడా రాకుండా, అతనికి మాత్రమే సరిపోయేలా ఒక్కొక్క సలహా కొలిచి కుట్టాను. సందర్శకుల రాక ఆ భూమిలో పండే పంటతో ముడిపడి ఉండాలి. వాహనాలన్నీ ఆ భూమి లోపలే నిలపాలి. మరుగుదొడ్లు ఉండాలి. ఫ్యామిలీ అనే దొంగదారి మూసేయడానికి సందర్శకుడంటే ఎవరో కూడా రాశాను: ఆ భూమిలో నివసించనివారు, అక్కడ పని చేయనివారు, బంధువులైనా స్నేహితులైనా, డబ్బు ఇచ్చినా ఇవ్వకపోయినా, ఏ కారణంతో వచ్చినా సందర్శకులే.

మా వారు చదివి, కళ్ళజోడు తీసి, "పక్కవాడి పేరు ఎక్కడా లేదేమోయ్?" అన్నారు.

"అదే కదా పనితనం."

"ఎవరి పేరూ లేకపోతే అందరికీ తగులుతుందేమో."

"అందరికీ తగలాలనే రాశాను" అన్నాను.

సలహాల మీద బ్లాక్ ఆఫీసు హాల్లో సమావేశం పెట్టారు. మెడకి మఫ్లర్ చుట్టుకున్న ప్లానింగ్ అధికారి ఒకాయన, సమోసాలు చల్లారిపోతాయేమో అన్న ధ్యాసలోనే నా కాగితం చదివి, "పేరాలకి నంబర్లు వేసింది మేడమ్ ఒక్కరే" అని మెచ్చుకున్నాడు. పక్కవాడు గొడవ పడతాడని సిద్ధమై వెళ్ళాను, జవాబులు కూడా రాసుకున్నాను. అతను లేచి, "ఆంటీజీ చెప్పింది హండ్రెడ్ పర్సెంట్ కరెక్ట్ సర్. రూల్స్ ఉండాలి" అని కూర్చున్నాడు. ఎదురు చెప్పి ఉంటే క్షమించేదాన్ని.

వానాకాలం వెళ్ళేసరికి మార్గదర్శకాలు వచ్చాయి. నా వాక్యాలు హిందీలోకి మారినా, నడకని బట్టి గుర్తుపట్టాను. ఏ కారణంతో వచ్చినా అన్న ముక్క కూడా అలాగే ఉంది. ఆ రోజు పాయసం వండాను. మర్నాడే, ఆ దారిలో ఉన్న భూములన్నిటినీ తనిఖీ చేయాలని అర్జీ పెట్టాను. ఒక్క భూమినే తనిఖీ చేయమంటే మళ్ళీ కక్ష అంటారు కదా.

ఆ సంవత్సరమే నా చెట్టు మొదటిసారి విరగకాసింది. ఇక ఆగదలుచుకోలేదు. సంఘం అధ్యక్షురాలికి ఫోన్ చేశాను. వాళ్ళాయన రిటైరై చాలాకాలమైనా ఆవిడ ఇంకా అధ్యక్షురాలే. "మీరోసారి చెట్టుంటే చెప్పమన్నారు. ఉంది. కార్తీకంలో అందరూ మా పొలానికి రావాలి" అన్నాను.

"నేనెప్పుడన్నాను?" అంది ఆవిడ. తర్వాత, "సరేలెండి, వస్తాం. బాత్రూములు ఉన్నాయా?" అంది.

అద్దెకి జంఖానాలు, గుండిగలు తెప్పించి పొలంలో షెడ్డు కింద పెట్టించాను. ఐఎన్ఏ మార్కెట్లో అరిటాకులు చెప్పి ఉంచాను. దీపావళికి ముందు మఫ్లర్ అధికారి తనిఖీకి వచ్చాడు. వానలు పోయి చలి ఇంకా రాలేదు కాబట్టి మఫ్లర్ భుజం మీద ఉంది. ముందు పక్కవాడి భూమికి వెళ్ళాడు. నేను కంచె దగ్గర నిలబడి చూస్తున్నాను. తీగలున్నాయి. లోపల కార్లు నిలిపే చోటుంది. మగవాళ్ళకి వేరుగా, ఆడవాళ్ళకి వేరుగా, మా ఫ్లాట్‌లో కంటే మంచి మరుగుదొడ్లున్నాయి. నేను అడిగినవన్నీ అతను ఎప్పుడు కట్టించాడో! నా సలహాలు చూసి కట్టించానని తర్వాత చెప్పాడు, థాంక్యూ కూడా అన్నాడు.

అధికారి అక్కడ అనుమతికి సరేనని మా గేటులోకి వచ్చాడు. మర్యాదగా టీ ఇచ్చాను. షెడ్డు వైపు చూసి, "ఈ పెద్ద గిన్నెలేమిటి మేడమ్?" అన్నాడు హిందీలో.

"వనభోజనానికి. కార్తీకంలో మా తెలుగువాళ్ళందరం ఉసిరి చెట్టు కింద కూర్చుని భోంచేస్తాం. మీరు కూడా రండి" అన్నాను.

"అచ్ఛా. చాలామంది వస్తారా?"

"ఢిల్లీలో ఉన్న మావాళ్ళంతా వస్తారు" అన్నాను. గొప్పగానే అన్నాను.

అతను టీ గ్లాసు కింద పెట్టాడు. "వాళ్ళు ఇక్కడ ఉంటారా? పని చేస్తారా?"

"లేదండీ, భోజనానికే. ఎవరి దగ్గరా పైసా తీసుకోం."

"ఇచ్చినా ఇవ్వకపోయినా అని ఉంది మేడమ్."

"చుట్టాల్లాంటి వాళ్ళు."

"బంధువులైనా అని కూడా ఉంది" అన్నాడు పాపం, నొచ్చుకుంటూనే. "ఆ పేరా చాలా బాగా రాశారు. మా ఆఫీసులో అందరికీ నచ్చింది."

మా వారు టీ పళ్ళెంలో బిస్కెట్లు సర్దుతున్నారు.

"పోనీ, ఏ పంట చూడ్డానికి వస్తారని రాయమంటారు?" అన్నాడు అధికారి.

"ఉసిరి."

"ఎన్ని చెట్లున్నాయి?"

"ఒకటి."

ఆ ఒక్కదాని వైపు మర్యాదగా చూశాడు. కార్లు ఎక్కడ నిలుపుతారని అడిగాడు. మా ముక్కలో కార్లు నిలిపితే మనుషులు దారిలో కూర్చోవాలి. మరుగుదొడ్డి సంగతి అతను అడగలేదు, ఆ మాత్రం దయ చూపించాడు. వెళ్తూ వెళ్తూ గేటు దగ్గర ఆగి, "మీరిద్దరూ భోంచేయవచ్చు మేడమ్. యజమానులు సందర్శకులు కారు" అన్నాడు.

"మనిద్దరం తినొచ్చటోయ్" అన్నారు మా వారు, అతను వెళ్ళాక. "గుండిగలు ఉంచమంటావా, తిప్పి పంపమంటావా?"



వనభోజనం లేదని అధ్యక్షురాలికి ఫోన్ చేసి చెప్పక తప్పలేదు. "అయ్యో, చెట్టుందన్నారుగా?" అంది.

"చెట్టుంది. అనుమతి లేదు."

"చెట్టుకి కూడా అనుమతా ఈ రోజుల్లో!" అని నవ్వింది. పార్కులో నవ్విన నవ్వే. గొంతు కొంచెం ముసలిదైంది అంతే.

దీపావళి వెళ్ళిన వారంలో, ఊరంతా పొగ కమ్మి కళ్ళు మండుతున్న ఒక ఉదయం, పక్కవాడు కంచె దగ్గర నిలబడి నన్ను పిలిచాడు. అతని ముఖంలో మొదటిసారి అయోమయం చూశాను.

"ఆంటీజీ, మీ తెలుగువాళ్ళు నా దగ్గర లంచ్ బుక్ చేశారు. వైన్ వద్దన్నారు, ఠీక్ హై. ఉల్లిపాయ వద్దు, వెల్లుల్లి వద్దు అన్నారు, ఠీక్ హై. వంటమనిషిని వాళ్ళే తెచ్చుకుంటారట, ఠీక్ హై. ఇప్పుడేమో ఆమ్లా చెట్టు లేకపోతే ఆ లంచ్ లెక్కలోకి రాదంటున్నారు. మీ దగ్గర ఒక కొమ్మ అడగమని వాళ్ళ ప్రెసిడెంట్ మేడమ్ చెప్పారు. బకెట్‌లో పెట్టుకుంటారట."

ఎవరి నోటివెంట వచ్చినా బకెట్ బకెట్టే.

"ఒక్క ఆకు కూడా ఇవ్వను" అన్నాను.

"ఒక్క కొమ్మకి ఏమవుతుంది ఆంటీజీ?"

"విరిచి తీసుకెళ్ళింది చెట్టు కాదు. చెట్టు కావాలంటే చెట్టు దగ్గరికి రమ్మను."

"మీ వైపు రాకూడదు కదా. రూల్."

రూల్ సంగతి అతను నాకు చెప్పడం! కోపంతో కంచె వైపు తిరిగాను. అవతల, తీగలు పీకేసిన పట్టీలో గడ్డి పచ్చగా ఉంది. పొగలో ఎండ పల్చగా ఉన్నా, నా చెట్టు నీడ దాని మీద పడి ఉంది. మా వారు లెక్కవేసి చెప్పిన చోటే.

"నీ వైపే కూర్చోమను. నీడ అక్కడే ఉంది. కొట్టించమన్నావు, గుర్తుందా?"

అతను నీడ వైపు చూశాడు, చెట్టు వైపు చూశాడు. అయోమయం పోయి వ్యాపారం వచ్చింది. "వాహ్ ఆంటీజీ!" అన్నాడు. వనభోజనం నాటికి అక్కడ ఆమ్లా షేడ్ అని చెక్క బోర్డు వెలిసింది.

ఆ ఆదివారం గాలి వీచి ఆకాశం తేటపడింది. మా వాళ్ళంతా చేతులకి కాగితం పట్టీలు కట్టించుకుని లోపలికి వచ్చారు. పంటతో ముడిపడి ఉండాలి కాబట్టి ప్రతి ఒక్కరికీ గేటు దగ్గరే చిన్న గ్లాసుతో ద్రాక్షరసం ఇచ్చారు. పట్టుచీరల్లో, పంచెల్లో వచ్చినవాళ్ళు ఆ పులుపుకి ముఖాలు ముడుచుకుంటూ తాగారు. అది నా పేరానే. మనసుకి కొంచెం హాయిగా అనిపించింది.

నేనూ మా వారూ మా వైపు, చెట్టు మొదట్లో రెండు పీటలు వేసుకుని కూర్చున్నాం. అధ్యక్షురాలు మోకాళ్ళు పట్టుకుని నెమ్మదిగా కంచె దాకా వచ్చింది. "అక్కడ ఒంటరిగా ఎందుకమ్మా, ఇటు రండి" అంది.

"అటొస్తే నేను సందర్శకురాలినవుతాను" అన్నాను.

అర్థం కాలేదు ఆవిడకి. అంతలో అసలు చిక్కు వచ్చింది. నీడ వాళ్ళదే గానీ చెట్టు మొదలు నా వైపుంది. పసుపు, కుంకుమ పెట్టాలంటే చెయ్యి అందదు. ఆడవాళ్ళందరూ కంచె పొడుగునా నిలబడి ఆవిడ వైపు చూశారు. ఆవిడ పసుపు కుంకుమల పళ్ళెం ముళ్ళతీగ మీంచి నాకు అందించింది. నేను తొందరపడలేదు. మొదలు కడిగాను, పసుపు రాశాను, బొట్లు పెట్టాను, దీపం వెలిగించాను. అవతల అందరూ నిలబడి దణ్ణం పెట్టుకున్నారు. ఆవిడ కూడా.

తర్వాత గడ్డి మీద చాపలు పరిచి అరిటాకులు వేశారు. కుర్చీ కోసం ఆవిడ అటూ ఇటూ చూసింది. పీపాలని నిలబెట్టి చేసిన బల్లలు దూరంగా ఉన్నాయి, అక్కడ నీడ లేదు. నేలమీదే కూర్చుంది, ఇద్దరు పట్టుకుంటే. నా చెట్టు కింద, నా కళ్ళ ముందు.

పులిహోర గుండిగ వరసలో ముందుకి వచ్చి కంచె దగ్గర ఆగింది. వడ్డిస్తున్న ఆవిడ తటపటాయించింది. "ఇటివ్వమ్మా" అని అధ్యక్షురాలు కూర్చున్న చోటునుంచే గరిటె అందుకుని, చెయ్యి చాపి, తీగల మధ్యనుంచి నా ఆకులో వేసింది. ఎక్కువే వేసింది. జీడిపప్పు మాత్రం ఒక్కటీ రాలేదు.

నేను చేసిన ఉసిరికాయ పచ్చడి గిన్నె అటు పంపాను. పచ్చడి కంచె దాటకూడదని ఏ పేరాలోనూ లేదు. ఆవిడ రెండోసారి అడిగి వేయించుకుంది. వేళ్ళు నాకుతూ, "వచ్చే ఏడు కూడా ఇక్కడే పెట్టుకుందాం" అని అందరితో అంది.

ఇక్కడే అంది. మీ చెట్టు కింద అనలేదు. మా వారు విన్నారో లేదో గానీ నేను విన్నాను. పక్కవాడు కూడా విన్నాడు, ఫోన్ తీసి ఏదో రాసుకున్నాడు.

మార్గదర్శకాలని ఏటా సమీక్షిస్తారని మఫ్లర్ అధికారి సమావేశంలో చెప్పిన మాట ఇంటికొచ్చాక గుర్తొచ్చింది. ఒక భూమిలో ఉన్న చెట్టు నీడ పక్క భూమిలో పడినప్పుడు, ఆ నీడలో కూర్చునేవాళ్ళు ఎవరి సందర్శకులో వాటిలో ఎక్కడా లేదు. అది పెద్ద లోపం. ఎవరి పేరూ రాకుండా రాయడం మొదలుపెట్టాను.

"ఈసారికి వదిలేయవోయ్" అన్నారు మా వారు, భుజం మీంచి తొంగిచూసి.

అప్పటికే మొదటి పేరా అయిపోయింది.